పికప్‌లో కుదుపు తగ్గాలంటే: మీ బండికి సరిపోయే షాక్ అబ్సార్బర్లు ఎంచుకోవడం ఎలా?

షాక్స్ మార్చాలి అనుకోగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీవి మంచివి?" అన్నదే. నేనూ అక్కడే మొదలుపెట్టి పొరబడ్డాను. నా పికప్ వెనక షాక్స్ నుంచి ఆయిల్ కారుతోందని చెబితే షాపులో "హెవీ డ్యూటీవి వేసుకోండి, ఇక మళ్లీ చూసుకోనక్కర్లేదు" అన్నారు. వేయించాను. ఖాళీ బండితో ఇంటికి వస్తుంటే రోడ్డు మీద చిన్న అతుకు కూడా నడుముకు తెలిసింది. వెనక సీట్లో ఉన్న మా అమ్మ తలుపు పైన ఉండే హ్యాండిల్ దారి పొడవునా వదల్లేదు. దిగేసరికి ఆవిడ వేళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

ఆ షాక్స్‌లో లోపమేమీ లేదు. నిండా బరువు వేసుకుని తిరిగే బండి కోసం చేసినవి అవి. నా బండేమో వారంలో ఆరు రోజులు ఖాళీగానే తిరుగుతుంది. మంచి షాక్ అంటే మీ బండి రోజూ మోసే బరువుకు సరిపోయే షాక్. కాబట్టి బండి మిమ్మల్ని ఏ రకంగా ఇబ్బంది పెడుతోంది, ఎంత బరువు మోస్తోంది, కొలతలు ఎంత అన్నవి ముందు తేల్చుకోండి. కంపెనీ పేరు సంగతి ఆ తర్వాత చూద్దాం.

1. షాక్ చేసే పని ఏమిటో తెలుసుకోండి

బండి బరువును మోసేది స్ప్రింగ్. షాక్ మోయదు. చక్రం గతుకు ఎక్కగానే స్ప్రింగ్ నొక్కుకుంటుంది, నొక్కుకున్నంత బలంతో మళ్లీ విచ్చుకుంటుంది. ఆపేది ఏదీ లేకపోతే బండి ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడమే షాక్ పని. లోపల ఆయిల్ నిండిన గొట్టం, అందులో పైకీ కిందికీ కదిలే పిస్టన్ ఉంటాయి. పిస్టన్‌కు సన్నటి దారులు, వాటి మీద పలచటి ఉక్కు బిళ్లలు ఉంటాయి. ఆయిల్ ఆ ఇరుకు దారుల్లోంచి తోసుకుంటూ వెళ్లాలి. అలా వెళ్లేటప్పుడు ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద చాలాసేపు నడిపాక షాక్ వేడెక్కి ఉండటానికి కారణం ఇదే.

షాక్ రెండు వైపులా పనిచేస్తుంది. చక్రం పైకి లేచేటప్పుడు మూసుకుంటూ అడ్డుకోవడం కంప్రెషన్. చక్రం కిందికి దిగేటప్పుడు తెరుచుకుంటూ అడ్డుకోవడం రీబౌండ్. రోడ్డు మీద తిరిగే బండ్లలో సాధారణంగా రీబౌండ్ బిగువే ఎక్కువ, ఎందుకంటే స్ప్రింగ్ ఎగదన్నడాన్ని ఆపాల్సింది అక్కడే. అలాగని రీబౌండ్ మరీ బిగిస్తే ఇంకో సమస్య వస్తుంది. వరసగా గతుకులు వచ్చినప్పుడు మొదటి గతుకు తర్వాత చక్రం పూర్తిగా కిందికి దిగకముందే రెండోది తగులుతుంది. స్ప్రింగ్ అంతకంతకూ నొక్కుకుపోయి, నాలుగో ఐదో గతుక్కి బండి వెనక భాగం ఠాప్‌మని కూర్చుంటుంది.

పికప్‌కు ప్రత్యేకంగా ఇబ్బంది ఎందుకంటారా? వెనక స్ప్రింగ్‌గా పనిచేసే కమాన్ పట్టీలు వందల కిలోల బరువు మోయడానికి చేసినవి. బరువు లేనప్పుడు అవి దాదాపు వంగవు. మామూలు కారు బాడీ సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు మెత్తగా ఊగితే, ఖాళీ పికప్ వెనక భాగం రెండు సార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ గబగబా ఊగుతుంది. కూర్చున్న మనిషి శరీరాన్ని బాగా ఇబ్బంది పెట్టేవి సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు కుదుపులు. శరీరానికి తగిలే కంపనాలను కొలిచే ఐఎస్‌ఓ 2631 ప్రమాణం ఆ పరిధికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చేది అందుకే. బరువు ఎక్కించగానే పికప్ మెత్తగా నడవడం మీరు గమనించే ఉంటారు. స్ప్రింగ్ అదే, దాని మీది బరువు పెరిగింది కాబట్టి ఊపు నెమ్మదించింది.

షాక్ విషయంలోనూ లెక్క అదే. నిండు బరువుకు సరిగ్గా సరిపోయే బిగువు, ఖాళీ బండికి అతి బిగువు అవుతుంది. నా హెవీ డ్యూటీ షాక్స్ విషయంలో జరిగింది ఇదే.

2. కుదుపు ఏ రకమో తేల్చండి

మీకు బాగా తెలిసిన రోడ్డు ఒకటి ఎంచుకోండి. స్పీడ్ బ్రేకర్, వరసగా చిన్న గతుకులు, ఒక మలుపు ఉంటే చాలు. రేడియో ఆపేసి, అద్దాలు ఎత్తి, ఒకే వేగంలో రెండుసార్లు నడపండి. వీలైతే రెండోసారి వేరేవాళ్లకు స్టీరింగ్ ఇచ్చి మీరు వెనక సీట్లో కూర్చోండి. డ్రైవర్ సీట్లో తెలియనివి అక్కడ తెలుస్తాయి, ఎందుకంటే వెనక సీటు ఇరుసుకు దగ్గరగా ఉంటుంది.

స్పీడ్ బ్రేకర్ దిగాక బండి ఒకసారి లేచి, కూర్చుని, నిలబడితే బాగానే ఉన్నట్టు. రెండు మూడు సార్లు ఊగితే, బ్రేక్ వేయగానే ముక్కు బాగా కిందికి వంగితే, మలుపులో పడవలా ఒరిగితే షాక్స్ అరిగిపోయాయి. ఈ సమస్య కొత్త షాక్స్‌తో కచ్చితంగా తీరుతుంది.

గతుకు తగిలిన క్షణంలోనే సుత్తితో కొట్టినట్టు దెబ్బ వచ్చి, తర్వాత ఊపు ఏమీ లేకపోతే కథ వేరు. అది టైర్లలో గాలి ఎక్కువవడం వల్ల కావచ్చు, పట్టీలు బిగుసుకుపోవడం వల్ల కావచ్చు, ఉన్న షాక్స్ మరీ గట్టివి కావడం వల్ల కావచ్చు. ఇక్కడ ఇంకా గట్టి షాక్ కొంటే బాధ రెట్టింపవుతుంది.

మూడోది దడదడ. గరుకు మట్టి రోడ్డు మీద, అలల్లాంటి గతుకుల మీద వెనక భాగం గజగజలాడుతూ పక్కకు జారుతున్నట్టుంటే, చక్రాలు నేలను వదిలి ఎగురుతున్నాయని అర్థం. చక్రం, ఇరుసు కలిసి సెకనుకు 10 నుంచి 15 సార్లు ఎగురుతుంటే ఆపాల్సింది షాకే. దాని పని అయిపోయిందంటే టైర్ రోడ్డును సరిగ్గా పట్టదు. ఇది సౌఖ్యం ఒక్కటే కాదు, బ్రేకులూ ప్రాణాలూ ముడిపడిన విషయం. తేలిగ్గా తీసుకోకండి.

టక్ టక్ శబ్దం మాత్రమే వస్తూ మిగతాదంతా బాగుంటే, ముందు బుష్‌లు, నట్లు చూడండి. షాక్ బాగానే ఉండి, దాని చివర రబ్బరు బుష్ పోయి ఉండొచ్చు.

3. డబ్బు పెట్టే ముందు టైర్లు, పట్టీలు చూడండి

ఈ మెట్టు దాటేసి నేరుగా షాక్స్ కొన్నవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు. డ్రైవర్ తలుపు తెరిస్తే దాని అంచునో, పక్క స్తంభం మీదో గాలి ఒత్తిడి పట్టిక అతికించి ఉంటుంది. చాలా పికప్‌లకు అందులో ఖాళీకి ఒక లెక్క, నిండు బరువుకు ఇంకో లెక్క ఉంటాయి. గాలి పట్టేవాళ్లు "లోడ్ బండి కదా" అని నాలుగు చక్రాలకూ పెద్ద లెక్కే పట్టేస్తారు. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజ్ పెట్టి చూసి, మీరు మోసే బరువుకు ఎంత రాసి ఉందో అంతకు తెచ్చుకోండి. పట్టికలో ఉన్నదానికంటే మాత్రం తగ్గించకండి, టైర్ పక్క గోడలు వేడెక్కి దెబ్బతింటాయి. గాలి సరిచేశాక సుత్తి దెబ్బలో సగం పోవడం నేను ఒకటికి రెండు బండ్లలో చూశాను.

టైర్ రకం కూడా చూడండి. టైర్ గోడ మీద కొలతకు ముందు ఎల్‌టీ అని ఉంటే అది బరువు బండ్ల టైర్, గోడలు మందంగా ఉంటాయి. ఆ బిరుసుతనాన్ని ఏ షాకూ పూర్తిగా దాచలేదు.

ఇక పట్టీలు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల మధ్య రాపిడి ఉంటుంది. తుప్పు పట్టి, మట్టి చేరి, చివర్లలో ఉండే ప్లాస్టిక్ ప్యాడ్లు అరిగిపోతే ఆ రాపిడి ఇంకా పెరుగుతుంది. అప్పుడు చిన్న గతుకులకు పట్టీ కదలనే కదలదు. కట్ట మొత్తం ఒకే దిమ్మెలా ఉండిపోయి, బండి టైర్ల మీద మాత్రమే ఊగుతుంది. స్ప్రింగ్ కదలకపోతే షాక్ కూడా కదలదు. కదలని షాక్‌ను మార్చి ఏం లాభం? పట్టీల చివరి ప్యాడ్లు, షాకిల్ బుష్‌లు చూడండి. షాకిల్ అంటే పట్టీ వెనక కొసను ఛాసిస్‌కు వేలాడదీసే చిన్న లింకు. అది అటూ ఇటూ ఊగాలి. తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే ముందు దాన్ని బాగుచేయించండి.

4. పాత షాక్స్ నిజంగా పోయాయా?

ఒక మూల నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో చూసే పరీక్ష అందరికీ తెలిసిందే. కార్లకు కొంత పనికొస్తుంది. పికప్ వెనక భాగంలో దాన్ని నమ్మకండి, మనిషి బరువుకు ఆ పట్టీలు కదలవు.

బదులుగా బండి కిందికి వంగి, టార్చి వేసి షాక్‌ను చూడండి. పై భాగంలో సన్నటి ఆయిల్ తడి, దాని మీద దుమ్ము పేరుకోవడం మామూలే, రాడ్ కదిలేటప్పుడు సీల్ దగ్గర కొద్దిగా ఆయిల్ పొర రావడం సహజం. కానీ వేలితో తుడిస్తే మళ్లీ తడి రావడం, కింది కన్ను (బోల్ట్ దూరే రింగు) దాకా చారలు కట్టడం, బొట్లు కారడం కనిపిస్తే సీల్ పోయినట్టే. గొట్టానికి సొట్ట ఉన్నా, రాడ్ వంగినా, రాడ్ మెరుపు మీద తుప్పు మచ్చలు కనిపించినా ఆ షాక్ పని అయిపోయింది. టైర్ మీద అరచేయి ఆన్చి చుట్టూ జరపండి. అక్కడక్కడా గిన్నెల్లా గుంటలు తగిలితే ఆ చక్రం చాలాకాలంగా నేల మీద గంతులేస్తోందని అర్థం.

ఊడదీసి చూసే వీలుంటే అసలు సంగతి చేతికే తెలుస్తుంది. షాక్‌ను నిలువుగా పట్టుకుని నెమ్మదిగా చివరిదాకా నొక్కండి, లాగండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే రకమైన నిండు బిగువు ఉండాలి. మధ్యలో ఎక్కడైనా చేయి ఖాళీలోకి జారినట్టు అనిపిస్తే, లోపల ఆయిల్ తగ్గింది లేదా వాల్వు పోయింది.

80,000 కిలోమీటర్ల దగ్గర మార్చమనో, కనీసం చూపించమనో తయారీదారులు చెబుతుంటారు. షాక్ కొంచెం కొంచెంగా అరుగుతుంది కాబట్టి మన ఒళ్లు ఆ తేడాకు అలవాటు పడిపోతుంది. అంకె గుర్తుపెట్టుకోవడం అందుకే మంచిది. ఒకటి పోతే అదే ఇరుసు మీద రెండోది కూడా మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క అరిగినది ఉంటే బ్రేకుల్లో, మలుపుల్లో బండి తిన్నగా ఉండదు.

5. బరువు నిజాయితీగా రాసుకోండి

"ఎప్పుడైనా టన్ను వేయాల్సి రావచ్చు" అనే ఆలోచనతో గట్టి షాక్స్ కొంటారు చాలామంది. ఆ ఎప్పుడైనా అన్నది ఏడాదికి ఎన్ని రోజులు? గడచిన నెల గుర్తుచేసుకుని రాయండి: ఖాళీగా ఎన్ని రోజులు, సగం బరువుతో ఎన్ని, నిండుగా ఎన్ని. ఎక్కువ రోజులు మోసే బరువుకు షాక్ ఎంచుకోండి. బరువెక్కువ ఉన్న కొద్ది రోజులు నెమ్మదిగా నడపండి.

శాశ్వతంగా బిగించినవి మర్చిపోవద్దు. ఇనుప పనిముట్ల పెట్టె, పైన టాపు, ముందు ఇనుప బంపర్, విన్చ్ ఇవన్నీ రోజూ మోసే బరువే. ఖచ్చితంగా తెలియాలంటే వే బ్రిడ్జి మీద ముందు ఇరుసు ఒకసారి, వెనక ఇరుసు ఒకసారి నిలిపి తూకం వేయించుకోండి. బండి వెనక భాగం ఎప్పుడూ కిందికి వాలి ఉంటే అది పట్టీల సమస్య. మామూలు షాక్ మారిస్తే ఆ వాలు పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

6. రకం ఎంచుకోవడం

ముఖ్యంగా రెండు రకాలు. ట్విన్ ట్యూబ్‌లో గొట్టంలో గొట్టం ఉంటుంది. లోపలి గొట్టంలో పిస్టన్ తిరుగుతుంది, నొక్కినప్పుడు మిగిలిన ఆయిల్ అడుగు వాల్వు గుండా బయటి గొట్టంలోకి పోతుంది. ఇప్పుడు వచ్చేవాటిలో ఎక్కువ వాటికి బయటి గొట్టం పైభాగంలో తక్కువ ఒత్తిడితో నైట్రోజన్ నింపుతారు. ఆయిల్ నురగ కట్టకుండా అది ఆపుతుంది. నురగ కడితే పిస్టన్ గాలిలో కదిలినట్టే, బిగువు ఉండదు.

మోనో ట్యూబ్‌లో ఒకటే గొట్టం. అడుగున ఇంకో చిన్న పిస్టన్ వెనక ఎక్కువ ఒత్తిడితో నైట్రోజన్ ఉంటుంది. ఆయిల్‌కు, బయటి గాలికి మధ్య ఒకటే గోడ కాబట్టి వేడి త్వరగా పోతుంది. గంటల తరబడి గతుకుల్లో నడిపినా బిగువు అంతగా తగ్గదు. కానీ ఆ గ్యాస్ ఒత్తిడి రాడ్‌ను ఎప్పుడూ బయటికి తోస్తూ ఉంటుంది. లెక్క చూడండి. రాడ్ మందం 14 మిల్లీమీటర్లు, ఒత్తిడి 25 బార్లు అనుకుంటే, ఒక్కో షాక్ సుమారు 40 కిలోల బలంతో తోస్తుంది. ఖాళీ బండి వెనక భాగంలో ఆ తోపు చిన్న గతుకులకు తెలుస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తారు రోడ్ల మీద ఎక్కువగా ఖాళీగా, కుటుంబంతో తిరిగే పికప్‌కు మంచి గ్యాస్ ట్విన్ ట్యూబ్ చాలు. చాలాసార్లు అదే మోనో ట్యూబ్ కంటే మెత్తగా ఉంటుంది. రోజూ మట్టి రోడ్లు, పొడవైన గతుకుల దారులు, వెనక ట్రెయిలర్ ఉంటే మోనో ట్యూబ్‌కు వెళ్లండి. అయితే రకం ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకూడదు. లోపల వాల్వులు ఎలా అమర్చారన్నది అంతకంటే ముఖ్యం. మీ బండి మోడల్‌కే వాల్వులు అమర్చిన షాక్, పొడవు సరిపోయింది కదా అని బిగించే యూనివర్సల్ షాక్ ఒకటి కావు. పొడవు సరిపోవడం అంటే చొక్కా చేతులు సరిపోవడం లాంటిదే, ఛాతీ దగ్గర ఎలా ఉందో కూడా చూడాలి కదా.

వాల్వుల తీరులో ఒక తేడా తెలిస్తే చాలు. కొన్ని షాక్స్ నెమ్మది కదలికకే గట్టిగా పట్టి, వేగంగా దెబ్బ తగిలినప్పుడు దారి వదులుతాయి. వీటితో బండి మలుపుల్లో ఒరగదు, బ్రేక్ వేస్తే ముక్కు వంగదు, పెద్ద గతుకులను బాగా మింగుతుంది. చిన్న చిన్న గరుకు మాత్రం కొంచెం తెలుస్తుంది. ఇంకొన్ని వేగం పెరిగేకొద్దీ బిగువు పెంచుతాయి. ఇవి మామూలు రోడ్డు మీద మెత్తగా ఉంటాయి, పెద్ద గుంతలో గట్టిగా ఆపుతాయి.

కొన్ని పేర్లు ఉదాహరణకు. కేవైబీలో ఎక్సెల్-జీ ట్విన్ ట్యూబ్, గ్యాస్-ఎ-జస్ట్ మోనో ట్యూబ్. బిల్‌స్టీన్ 4600, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎత్తులోనే ఉన్న బండ్ల కోసం చేసిన మోనో ట్యూబ్. 5100 ఎత్తు పెంచిన బండ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది. ఎత్తు పెంచని బండికి 5100 అని ముచ్చటపడనక్కర్లేదు. రాంచో ఆర్ఎస్ 9000 ఎక్స్‌ఎల్‌కు గొట్టం మీద నాబ్ ఉంటుంది, 9 మెట్లలో బిగువు మార్చుకోవచ్చు. ఒక రోజు ఖాళీ, ఒక రోజు నిండు బరువు అనే వాళ్లకు ఇలా చేత్తో మార్చుకునేవి నిజంగా పనికొస్తాయి, కాకపోతే కిందికి వంగి తిప్పే ఓపిక ఉండాలి. కోని ఎఫ్‌ఎస్‌డీలో గబగబా వచ్చే చిన్న కుదుపులకు మెత్తగా, నెమ్మదిగా వచ్చే పెద్ద ఊపులకు బిగువుగా మారే వాల్వు ఉంటుంది.

పక్కన విడిగా సిలిండర్ తగిలించిన రిజర్వాయర్ షాక్స్ చూడటానికి బాగుంటాయి. ఎక్కువ ఆయిల్, ఎక్కువ చల్లదనం వాటి బలం. ఎడారిలో, కొండల్లో వేగంగా నడిపేవాళ్లకు అవి అవసరం. ఆఫీసుకూ ఊరికీ తిరిగే బండిలో మెత్తదనం కోసం వాటికి డబ్బు పెట్టకండి.

మీ బండికి కంపెనీయే ఎలక్ట్రానిక్ షాక్స్ ఇచ్చి ఉంటే, అంటే షాక్ పైన వైరు తగిలించి ఉంటే, మామూలు షాక్ వేయగానే డ్యాష్‌బోర్డులో హెచ్చరిక దీపం వెలుగుతుంది. అలాంటి బండికి ఆ వ్యవస్థకు సరిపోయేవే తీసుకోండి.

7. కొలతలు

బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎత్తులోనే ఉండి, మీ మోడల్‌కు రాసిన పార్ట్ నంబరు దొరికితే ఈ భాగం పైపైన చదివితే చాలు. పట్టీ ఒకటి అదనంగా వేయించి ఉన్నా, ఎత్తు పెంచి ఉన్నా మాత్రం టేపు తీయాల్సిందే.

సమంగా ఉన్న నేల మీద, మామూలు బరువుతో బండి నిలిపి, షాక్ పై బోల్ట్ మధ్య నుంచి కింది బోల్ట్ మధ్య దాకా కొలవండి. 480 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. ఇప్పుడు ఇరుసుకు, ఛాసిస్ కింద ఉండే రబ్బరు స్టాపర్‌కు మధ్య ఖాళీ కొలవండి. అది 90 అనుకోండి. అంటే పెద్ద గుంతలో షాక్ 390 దాకా మూసుకోవాలి. రబ్బరు కూడా కొంత నలుగుతుంది, దానికి ఇంకో 25 తీసేయండి. కొత్త షాక్ పూర్తిగా మూసినప్పటి పొడవు 365 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. ఎక్కువ ఉంటే రబ్బరు పూర్తిగా నలగకముందే షాక్ లోపల ఇనుము ఇనుముకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బ నడుముకూ తగులుతుంది, షాక్ కొనలూ విరుగుతాయి.

తెరుచుకునే వైపు కూడా అంతే ముఖ్యం. పాత షాక్ పూర్తిగా లాగితే 600 వస్తే, కొత్తది అంతకు తగ్గకూడదు. తగ్గితే చక్రం గుంతలోకి దిగేటప్పుడు షాక్ తాడులా లాగి పట్టేస్తుంది. మరీ పొడవైనది వేస్తే ఇరుసు ఎక్కువ కిందికి వేలాడి బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం) లాగినట్టు బిగుసుకుంటుంది, అది ప్రమాదం. ఎత్తు పెంచిన బండికి హోస్ పొడవు చూడకుండా షాక్ కొనకండి.

కొనల రకం రాసుకోండి: రెండు వైపులా కన్నేనా, పైన మర ఉన్న కడ్డీయా, కన్నులోంచి అడ్డంగా పోయే బార్ పిన్నా. బుష్ లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో కూడా చూడండి. ఇంకో సంగతి. కొన్ని పికప్‌లలో వెనక ఒక షాక్ ఇరుసుకు ముందు, రెండోది ఇరుసుకు వెనక ఉంటుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇరుసు మెలితిరిగి ఎగరకుండా చేసిన ఏర్పాటు ఇది. అలాంటి బండికి ఎడమ, కుడి నంబర్లు వేరుగా ఉండొచ్చు.

8. ముందు వైపు సంగతి

ముందు స్ప్రింగ్, షాక్ కలిసి ఒకటిగా ఉంటే దాన్ని ఇంట్లో విప్పకండి. నొక్కి పట్టిన ఆ స్ప్రింగ్‌లో మనిషిని చంపేంత బలం ఉంటుంది, సరైన కంప్రెసర్ ఉన్న వర్క్‌షాపులోనే విప్పించాలి. స్ప్రింగ్‌తో సహా అసెంబ్లీగా దొరికితే ఇంకా మేలు. బిగించాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. టార్షన్ బార్ (స్ప్రింగ్‌గా పనిచేసే మెలితిరిగే ఉక్కు కడ్డీ) ఉన్న బండ్లలో షాక్ విడిగా ఉంటుంది, మార్చడం సులువు.

9. బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి

వెనక షాక్స్ మీరే మార్చుకోవచ్చు. చక్రాలకు అడ్డు పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలపండి. ఉత్త జాక్ మీద ఉన్న బండి కిందికి వెళ్లొద్దు. ఇరుసు జారిపోకుండా దాని కింద కూడా ఆసరా పెట్టండి. తుప్పు నట్ల మీద ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచితే పొద్దున సగం కష్టం తగ్గుతుంది.

ట్విన్ ట్యూబ్ షాక్ గోడౌన్‌లో పడుకోబెట్టి ఉంచితే లోపలి గొట్టంలోకి గాలి చేరుతుంది. బిగించే ముందు రాడ్ పైకి ఉండేలా నిలబెట్టి, నెమ్మదిగా పూర్తిగా నొక్కి, పూర్తిగా తెరవండి. ఐదారు సార్లు చేయండి. మొదటి రెండు సార్లు మధ్యలో గుటుక్కుమని ఖాళీ తగులుతుంది, తర్వాత బిగువు నిండుగా వస్తుంది. ఇది చేయకుండా బిగించి "కొత్త షాక్ శబ్దం చేస్తోంది" అని తిరిగి ఇచ్చేసినవాళ్లున్నారు. మోనో ట్యూబ్‌కు ఈ పని అక్కర్లేదు.

రాడ్ తిరుగుతోందని దాని మెరిసే భాగాన్ని ప్లయర్‌తో పట్టకండి, పట్టనివ్వకండి. అక్కడ పడిన గీత ప్రతి కదలికలోనూ సీల్‌ను కోస్తుంది, కొన్ని నెలల్లో ఆయిల్ కారడం మొదలవుతుంది. కొనకు ఉన్న చదును భాగాన్నే స్పానర్‌తో పట్టాలి. గ్యాస్ షాక్ తెరుచుకోకుండా దాని చుట్టూ కట్టి పంపే బద్దీని, పై కొన బిగించి కింది కన్ను బోల్ట్ దగ్గరికి చేర్చాకే కోయండి. పాత గ్యాస్ షాక్‌ను కోయడం, వేడి చేయడం, రంధ్రం పెట్టడం చేయకండి.

చాలామంది మెకానిక్‌లు తొందరలో వదిలేసేది ఒకటుంది. కన్ను బోల్ట్‌లను బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. ఉత్తి చేత్తో బిగించి, బండిని చక్రాల మీదికి దించి, బరువు పడ్డాక బండి మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్ ఆ వేలాడే భంగిమలోనే పట్టుబడుతుంది. నేల మీదికి రాగానే ఎప్పుడూ మెలితిరిగి ఉండి, చిన్న గతుకులకు బిరుసుగా అనిపిస్తుంది, త్వరగా చిరుగుతుంది. మర కడ్డీ రకానికి రబ్బరు ఉబ్బి వాషర్ అంచుకు సమంగా వచ్చేదాకా చాలు. నట్టు చచ్చేంతగా బిగించడం బలం కాదు.

10. నడిపి చూడండి

రెండో మెట్టులో తిరిగిన అదే రోడ్డు, అదే వేగం, అదే బరువు, అదే గాలి. అప్పుడే తేడా నిజంగా తెలుస్తుంది. సర్దుబాటు ఉన్న షాక్స్ అయితే మెత్తటి మెట్టు నుంచి మొదలుపెట్టి, ఒక్కో మెట్టు పెంచుతూ, స్పీడ్ బ్రేకర్ దిగాక ఒకే ఊపుతో బండి నిలబడే దగ్గర ఆగండి. దానికి మించి ఒక్క మెట్టు కూడా అక్కర్లేదు. ఖాళీకి ఎంత, బరువుకు ఎంత అన్నది డ్యాష్‌బోర్డు పెట్టెలో చీటీ మీద రాసి పెట్టుకోండి.

హెవీ డ్యూటీవి తీసేసి మా బండికి మోడల్‌కు సరిపోయే గ్యాస్ ట్విన్ ట్యూబ్ షాక్స్ వేయించాక, వెనక టైర్ల గాలి పట్టిక ప్రకారం దించాక, అమ్మను మళ్లీ అదే దారిలో తీసుకెళ్లాను. స్పీడ్ బ్రేకర్లు మూడు దాటాక అద్దంలో చూస్తే ఆవిడ చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి.

500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బండి కిందికి వెళ్లి, నాలుగు షాక్స్ నట్లకూ స్పానర్ పెట్టి చూడండి. కొత్త రబ్బరు సర్దుకున్నాక కొన్ని వదులవుతాయి.